టీచరమ్మ రాయి

తురియాల్బా,
1996 మే 6

యార్లేనీ,

నీ ఉత్తరం చేరింది, నదిని కాస్త తాగి చేరింది. లోయలో ఉన్న మీ బసకు దారి నదొక్కటే కాబట్టి ఉత్తరాలు కూడా రబ్బరు పడవలోనే రావాలి, ఒప్పుకుంటాను. కానీ కాగితాన్ని ఉల్లిపాయల సంచిలో వేసి పంపమని ఎవరు చెప్పారు? ఇస్త్రీ పెట్టె వేడి చేసి, పైన దిండు గలీబు పరిచి ఆరబెట్టాను. రెండో పేజీ మాడిపోయింది. పని సంగతి మొదటి పేజీలోనే ఉంది, రెండో దానిలో కబుర్లే ఉండి ఉంటాయి కాబట్టి పెద్ద నష్టం లేదు.

విషయం అర్థమైంది. ఈ నెల ఆఖరి శనివారం పకువారె నది మీద నీకు గైడు పరీక్ష. ఇంటివాళ్ళలో ఒకరు తప్పక రావాలని మీ యజమాని దోన్ ఎవేలియో నియమం. నీకున్న ఇంటివాళ్ళం ఇద్దరం. మీ అమ్మ సాన్ హొసేలో కుట్టుమిషను వదిలి రాదు. పైగా బకెట్లో నీళ్ళు కదిలినా దానికి కడుపులో తిప్పుతుంది. కాబట్టి నేనే వస్తాను.

గట్టు మీద కుర్చీలు వేస్తారా, నేనే తెచ్చుకోవాలా? ఫోటోలు తీస్తారా? తీస్తే బూడిదరంగు గొడుగు తెస్తాను, నల్లదానిలో మరీ ముసలిదానిలా కనిపిస్తాను. ఎవరైనా మాట్లాడమంటే కాదనను. రెండు ముక్కలు రాసి పెట్టుకున్నాను. నాలుగు పేజీలు వచ్చాయి.

మన ఒప్పందం గుర్తుందనుకుంటాను. పరీక్ష తప్పితే తెడ్డు అక్కడే వదిలి ఇంటికొచ్చి ఉపాధ్యాయ శిక్షణలో చేరతావు. నెగ్గితే నేను మళ్ళీ బడి మాట ఎత్తను. రాసింది నేను, సంతకం చేసింది నువ్వు.

ఎండిన సాక్సులే వేసుకో.

ఎర్మెలిందా కిరోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు
(నీ అమ్మమ్మ)


నది బస,
మే 11

అమ్మమ్మా,

అసలు సంగతంతా మీరు మాడ్చిన పేజీలోనే ఉంది.

మీకు కుర్చీ అక్కర్లేదు. మీరు కూర్చునేది గట్టు మీద కాదు, పడవలో. ముందు వరుస, ఎడమవైపు, తెడ్డు చేత పట్టుకుని. ఇక్కడ ఎవరికైనా పడవ అప్పగించే ముందు తమ సొంత మనిషిని ముందు కూర్చోబెట్టుకుని లోయ దాటించాలి. "ఇంటివాళ్ళని ఎక్కించడానికి భయపడేవాడి పడవలో పరాయివాళ్ళ పిల్లల్ని ఎక్కించను" అంటాడు దోన్ ఎవేలియో. ఆయన కూడా మొదటిసారి వాళ్ళ అత్తగారిని కూర్చోబెట్టుకుని లోయ దాటించాడట. ఆవిడ దిగాక ఆయనతో రెండేళ్ళు మాట్లాడలేదని చెబుతాడు. ఆ రెండేళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం చాలా ప్రశాంతంగా ఉంటుంది.

మిగతా నాలుగు చోట్లలో ఊరివాళ్ళే కూర్చుంటారు: రొట్టెల గొన్సాలో, నర్సు ఫిదేలియా, చెప్పులు కుట్టే అన్నదమ్ములిద్దరూ. అందరూ మీ దగ్గర చదువుకున్నవాళ్ళే. మీ దగ్గర చదవనివాళ్ళు మన ఊళ్ళో దొరకలేదు.

నేను వెనక అంచు మీద కూర్చుని ఆజ్ఞలిస్తాను. ఉన్నవి మూడే: ముందుకు, వెనక్కి, ఆపు. అందరి తెడ్లూ ఒకేసారి పడాలి, అంతే. ఈత రాకపోయినా ఫరవాలేదు, లైఫ్ జాకెట్ తేలుస్తుంది. మీరు రాకపోతే పరీక్షే లేదు. నేను ఈ నదిలో మూడేళ్ళుగా గిన్నెలు తోముతూ, తాళ్ళు మోస్తూ ఎదురుచూస్తున్నది ఈ ఒక్క పడవ కోసమే.

నిన్న ఒక నీలం సీతాకోకచిలుక నా సబ్బు మీద వాలి చాలాసేపు కదల్లేదు. స్నానం వాయిదా వేశాను.

మీ యార్లేని


తురియాల్బా,
మే 15

యార్లేనీ,

ఉత్తరాన్ని ఈసారి తాడు మీద ఆరేశాను. చదివాక నేనూ కాసేపు ఆరేసినట్టే కూర్చున్నాను.

వస్తాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు, ఈత రాదు, స్నానాల గదిలో కూడా గోడ పట్టుకుని నిలబడతాను. అయినా నువ్వు నన్ను ఏదైనా అడిగింది ఎప్పుడు గనక? చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు కూడా బెల్లం నీళ్ళు నువ్వే కాచుకుని, నన్ను నిద్రలేపకుండా గిన్నె కడిగి పెట్టినదానివి.

సాధన మొదలుపెట్టాను. సోఫా అంచు మీద కూర్చుని చీపురుతో తెడ్డు వేస్తున్నాను. పిల్లికి రెండు దెబ్బలు తగిలాయి. అది ఇప్పుడు వంటింట్లోంచి చూస్తోంది. పక్కింటావిడ కిటికీ దగ్గర ఆగి, "టీచరమ్మా, సాలెగూళ్ళా?" అంది. అవునన్నాను.

ఆజ్ఞలు వినడం గురించి నాకు పాఠం అక్కర్లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఇచ్చినదాన్ని. వాటి సంగతి నాకు తెలిసినంతగా మీ దోన్ ఎవేలియోకి కూడా తెలియదు.

చర్చికి వేసుకునే బూట్లే వేసుకుంటాను. ఉపన్యాసం కూడా తెస్తున్నాను, ప్లాస్టిక్ సంచిలో.

ఎర్మెలిందా కిరోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు


తురియాల్బా,
మే 27

యార్లేనీ,

బతికే ఉన్నాను. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. పడవ నుంచి వ్యానెక్కేదాకా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. జలుబు చేసిందనుకున్నాను.

నష్టం లెక్క రాశాను: ఎడమకాలి బూటు, కళ్ళజోడు, నాలుగు పేజీల ఉపన్యాసం. లాభం పక్కన ఇంకా ఏమీ రాయలేదు. ఊళ్ళో నా గురించి నవ్వుకునేవాళ్ళకు దొరికింది చాలా ఉంది, కానీ దాన్ని నా లాభం కింద ఎలా వేసుకోను?

నిజం చెప్పాలంటే మొదటి గంట చాలా బాగుంది. హెల్మెట్ పెట్టుకున్నాక నన్ను నేను గుర్తుపట్టలేదు, అదొక సుఖం. నీళ్ళు పడవ కిందనుంచి ఎత్తి పడేసినప్పుడల్లా నేను అరిచానని గొన్సాలో అంటున్నాడు. అబద్ధం. ప్రార్థన చేశాను, కాస్త గట్టిగా.

ఆ నల్లరాయి దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. రాయికి కుడివైపు దారి పట్టపగలులా కనిపిస్తుంటే నువ్వు "వెనక్కి" అన్నావు. పిల్లలు కంగారుపడతారని నేను కాస్త ధైర్యం చెప్పాను. తర్వాత రాయి మన మీదికొచ్చింది, ఆకాశం కిందికెళ్ళింది. నన్ను జాకెట్ పట్టి పైకి లాగింది నువ్వేనని ఫిదేలియా చెప్పింది. ఆ పట్టు నా మెడ మీద ఇంకా నీలంగా ఉంది. గట్టి చెయ్యి.

ఒడ్డున నీళ్ళలో పడ్డవాళ్ళంతా తమ బూటులో బీరు పోసుకుని తాగాలన్నారు. బడి ఎదురుగా ఉన్న సారా కొట్టు మూయించినదాన్ని నేను! నాకు మిగిలింది కుడికాలి బూటొక్కటే. తాగాను. రుచిలో బీరు కన్నా బూటే నయం.

పరీక్ష తప్పావని దోన్ ఎవేలియో చెప్పాడు. దిగులు పెట్టుకోకు. ఎవరికైనా అవుతుంది. ఉపాధ్యాయ శిక్షణ దరఖాస్తు ఈ రోజే తెప్పించి పెట్టాను.

వేడివేడిగా ఏమైనా తాగు.

ఎర్మెలిందా కిరోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు


నది బస,
జూన్ 2

అమ్మమ్మగారికి,

దరఖాస్తు సోమవారానికే సిద్ధమైందని తెలిసి సంతోషం.

ఒప్పందం ఒప్పందమే. మీరు గెలిచారు. ఈ నెలాఖరున సామాను సర్దుకుని వస్తాను. పడవ తిరగబడటానికి కారణం నేనే, ఆజ్ఞ ఇంకా గట్టిగా ఇవ్వాల్సింది. దోన్ ఎవేలియోకి కూడా అదే చెప్పాను.

ఇక్కడి గైడ్లు ఆ నల్లరాయికి పేరు పెట్టారు. "టీచరమ్మ రాయి" అంటున్నారు. మీకు ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నేనే చెబుతున్నాను.

యార్లేని


తురియాల్బా,
జూన్ 6

యార్లేనీ,

"అమ్మమ్మగారికి" ఏమిటి? నేనేమైనా విద్యాశాఖనా?

గెలిచారంటావు, ఎవరిమీద గెలిచాను? నేను నదిలో తలకిందులై బూటులో బీరు తాగినదాన్ని. దాన్ని గెలుపంటే ఓటమి ఎలా ఉంటుందో చూడాలని లేదు.

రాయి సంగతి మాత్రం నన్ను చాలా కదిలించింది. ఇన్నేళ్ళు ఈ ఊరికి అక్షరాలు నేర్పితే పురపాలక సంఘం ఒక సందు చివరకైనా నా పేరు పెట్టలేదు. మురికికాలువకు మాత్రం ఒక కౌన్సిలరు పేరు పెట్టింది. చివరకు నదికి గుర్తొచ్చాను! ఆ వయసులో ఆవిడ ఎంత ధైర్యంగా కూర్చుందో అని అనుకుని ఉంటారు. గైడ్ల కోసం మొక్కజొన్న కేకు కాలుస్తున్నాను. శనివారం వ్యానులో పంపుతాను. రేపు గొన్సాలో కొట్లో వెన్న కొనేటప్పుడు అతనికీ చెబుతాను, సంతోషిస్తాడు.

నువ్వు మాత్రం సరిగ్గా ఉత్తరం రాయి.

ఎర్మెలిందా కిరోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు


తురియాల్బా,
జూన్ 11

నా యార్లేనీ,

కేకు పంపలేదు. ఎందుకో చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు.

గొన్సాలో కొట్టు నిండా జనం ఉన్నారు. నేను వెన్న అడిగి, కాస్త గట్టిగానే, "ఒరే, నదిలో రాయికి నా పేరు పెట్టారట, విన్నావా?" అన్నాను. కొట్లో అందరూ రొట్టెల వైపు చూశారు. వాడు కత్తి కింద పెట్టి నన్ను వెనక పిండి బస్తాల దగ్గరికి తీసుకెళ్ళాడు.

"టీచరమ్మా, రాళ్ళకు పేర్లు పెట్టేది గొప్పవాళ్ళవి కాదండీ. అక్కడ పడవ తిప్పేసినవాళ్ళవి."

"తిప్పింది యార్లేని కదరా?"

"యార్లేని అయితే యార్లేని రాయి అనేవాళ్ళు కదండీ."

"నేనేం చేశాను? ధైర్యం చెప్పాను!"

"మీరు 'ముందుకు' అన్నారండీ. యార్లేని 'వెనక్కి' అంది, మీరు 'ముందుకు, ముందుకు, వినపడటం లేదా!' అన్నారు."

"అంటే? గైడు అది కదా! మీరు నా మాటెందుకు విన్నార్రా?"

వాడు పిండి చేతులతో తల గోక్కున్నాడు. "నాకు నలభై రెండేళ్ళండీ. ముగ్గురు పిల్లలు, ఒక కొట్టు. మీరు ఆ గొంతు ఎత్తగానే నేను మూడో తరగతండీ. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది."

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళి ఫిదేలియాను అడిగాను. తనకు తప్పని తెలుసట. "మీకు ఎదురు చెప్పడం కన్నా నదిలో పడటమే నయమనిపించిందండీ" అంది. నవ్వుతూ కాదు, మామూలుగా చెప్పింది. చెప్పులు కుట్టే అన్నదమ్ముల్ని అడగలేదు. వాళ్ళు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. అదే జవాబు.

ఒక ఊరు ఊరినే ఎంత బాగా తయారుచేశానో చూడు. నీళ్ళు మింగుతున్నా నా మాట వింటారు. పతకం ఇవ్వాల్సిందే.

ఇప్పుడు నీ "గెలిచారు" అర్థమైంది. నిన్ను బడికి తెచ్చుకోవడానికి నేను కావాలని అరిచానని నువ్వు అనుకుంటున్నావు. కావాలని చేసేదాన్నయితే, యార్లేనీ, ఇంకాస్త శుభ్రంగా చేసేదాన్ని. నీళ్ళలో పడేవాళ్ళలో నేను ఉండేదాన్ని కాదు. నేను చేసింది కుట్ర కాదు, అలవాటు. అది మరీ సిగ్గు. కుట్రకైనా కాస్త బుర్ర కావాలి.

నువ్వు తప్పంతా నీ మీద వేసుకుని దోన్ ఎవేలియోకి చెప్పావు. నిన్న ఆయన ఊళ్ళోకి వచ్చినప్పుడు నేనే వెళ్ళి సరిదిద్దాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీరు నా చేత నాలుగో తరగతిలో ఎక్కాలు పదిసార్లు రాయించారు టీచరమ్మా. ఆ రోజు నేనూ ఒడ్డున నిలబడి 'ముందుకు' ఊగాను" అన్నాడు. ఇంకొక్కసారి అవకాశం ఇస్తానన్నాడు: అదే మనుషులు, అవే చోట్లు. ఈసారి తప్పితే పనామా నుంచి ఇంకో గైడును పిలిపిస్తాడట. అయితే నువ్వు ఒప్పుకోవాలి.

దరఖాస్తు పొయ్యిలో వేశాను. వాన చెమ్మకు తడిగా ఉంది, సరిగ్గా మండలేదు, పుల్లతో పొడవాల్సి వచ్చింది.

నీ అమ్మమ్మ,
ఎర్మెలిందా


నది బస,
జూన్ 16

అమ్మమ్మా,

అవును, అనుకున్నాను. మీ ఉత్తరంలో దరఖాస్తు అని చదివాక ఇంకేం అనుకోను? తర్వాత మూడు రోజులు గిన్నెలు తోమేటప్పుడు మీతో గొడవ పెట్టుకున్నాను. ఒక పెనానికి సొట్ట పడింది.

ఒప్పుకుంటున్నాను. కానీ భయంగా ఉంది, నది గురించి కాదు. వానలు మొదలై నీళ్ళు పెరిగాయి. రాయి సగం మునిగింది. కుడివైపు దారి ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తుంది, దాని వెనకే నీళ్ళు కిందికి లాగే గుంట ఉంది. ముందు కూర్చున్నవాళ్ళకు ఆ గుంట కనబడదు. నాకు కనబడుతుంది. ఈసారి అక్కడికి వెళ్ళామంటే బూటుతో పోదు.

మీరు మాట్లాడకుండా ఒక పూట ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ప్రార్థన మధ్యలో ఫాదర్‌ని కూడా సరిదిద్దుతారు. నిద్రలో కూడా ఎవరినో బెంచీ ఎక్కమంటారు. నేను "వెనక్కి" అన్నప్పుడు ఆ నలుగురూ ముందు మీ వైపే చూస్తారు. మీరు నోరు తెరిస్తే అయిపోయినట్టే.

మీరు ఉండగలరా? నిజం చెప్పండి. ఉండలేనంటే నాకు కోపం రాదు.

యార్లేని


తురియాల్బా,
జూన్ 19

యార్లేనీ,

ఉండలేను. నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్పాను.

అందుకని ఉపాయం కనిపెట్టాను. చెరకు గానుగ దగ్గర అప్పుడే దించిన బెల్లం అచ్చు కొని, కోడిగుడ్డంత ముక్క కొట్టి, నోట్లో పెట్టుకుని చూశాను. ఒక్క మాట బయటికి రాదు. చర్చి గాయకబృందం సాధనకు అలాగే వెళ్ళాను. వాళ్ళు శ్రుతి తప్పినా ఊరుకున్నాను. నాకు పక్షవాతం వచ్చిందేమోనని డాక్టరును పిలవబోయారు.

పళ్ళు నొప్పిగా ఉన్నాయి. పిల్లి మాత్రం సోఫా మీదికి తిరిగొచ్చింది.

ఈ నెల ఆఖరి శనివారం కలుద్దాం. మామూలు రబ్బరు బూట్లు వేసుకుంటాను. ఉపన్యాసం లేదు.

నీ అమ్మమ్మ


నది బస,
జూలై 1

అమ్మమ్మా!

దీన్ని ఉల్లిపాయల సంచిలో వేయలేదు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి నా పడవలో నేనే తీసుకెళ్ళి, పడవలు ఒడ్డు చేరే సికిర్రెస్ దగ్గర వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. నా పడవలో! ఈ రోజు పొద్దున జర్మనీ నుంచి వచ్చిన ఆరుగురిని లోయ దాటించాను. ఒకాయన దారి పొడవునా కళ్ళు మూసుకునే ఉన్నాడు, చివర్న ప్రకృతి అద్భుతం అన్నాడు.

శనివారం ఒడ్డున మీరు వణుకుతున్నారు, నేను తాళ్ళు కడుతున్నాను, మాట్లాడటం కుదరలేదు. నా వైపునుంచి ఎలా కనిపించిందో చెప్పాలి.

మలుపు తిరగగానే ఆ రాయి కనిపించింది. నేను "వెనక్కి!" అన్నాను. నా గొంతు చివర్న చీలింది. గొన్సాలో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నలుగురి తలలూ మీ వైపు తిరిగాయి. నీళ్ళు మనల్ని లాక్కుపోతున్నాయి. నాకు మీ వీపు, హెల్మెట్ కింద ఉబ్బిన ఒక బుగ్గ మాత్రమే కనిపిస్తున్నాయి. మీరు ఎవరి వైపూ చూడలేదు. తెడ్డు నీళ్ళలో దించి వెనక్కి లాగారు. ఇంకోసారి లాగారు. అంతే, నాలుగు తెడ్లూ మీతో కలిసి పడ్డాయి. పడవ ఆగినట్టే ఆగి, రాయి ఎడమ భుజం రాసుకుంటూ జారిపోయింది. చెయ్యి చాపితే అందేది.

ఒడ్డున దోన్ ఎవేలియో నా దగ్గరికి వచ్చాడు. పడవ తాడు చుట్ట చుట్టి నా వైపు విసిరాడు. ఇక్కడ అలా విసిరితే పడవ నీదేనని.

మీ బెల్లానికి గుడి కట్టించాలి. గైడ్లంతా అడుగుతున్నారు, ఏ గానుగ బెల్లమని. గోల చేసే ప్రయాణికుల కోసం ఒక బస్తా తెప్పిద్దామంటున్నారు.

రాయి పేరు మార్చమని అడగనా? మీరు నెగ్గారు కాబట్టి అడిగితే తీసేస్తారు.

మీ యార్లేని


తురియాల్బా,
జూలై 5

నా యార్లేనీ,

ఉత్తరం పొడిగా వచ్చింది. ఇస్త్రీ పెట్టె తీసి, పని లేక మళ్ళీ లోపల పెట్టాను.

ఊళ్ళో ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. గొన్సాలోకి అసలే చెప్పకు.

బెల్లం ఆ నల్లరాయి దాకా నిలవలేదు. మొదటి ఉరవడిలో పడవ పైకి లేచినప్పుడే ముక్క మొత్తం గుటుక్కున మింగేశాను. ఊపిరాడక కాసేపు నేను పోయాననే అనుకున్నాను. నువ్వు వెనకనుంచి "బాగుంది అమ్మమ్మా!" అన్నావు. నువ్వు చూసిన బుగ్గ బెల్లంది కాదు. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

కాబట్టి ఆ మలుపులో నా నోరు ఖాళీగా ఉంది. దారి నాకు మళ్ళీ కనిపించింది, కుడివైపు, నున్నగా, అద్దంలా. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే సరైన దారి అనిపిస్తుంది. "ముందుకు" అనే మాట నాలుక చివర కూర్చుంది. నలుగురూ నా వైపు చూడటం నాకూ తెలుసు, ఇన్నేళ్ళలో పిల్లలు చూస్తుంటే మాట్లాడకుండా ఉన్నది ఎప్పుడూ లేదు. అప్పుడు నీ గొంతు చీలింది. నీ గొంతు ఎప్పుడు చీలుతుందో నాకు తెలుసు. నీకు ఏడేళ్ళప్పుడు నేను మెట్ల మీద జారబోతుంటే కిందనుంచి అలాగే అరిచావు. అప్పుడు కూడా నేను మెట్లు చూస్తున్నాను, నువ్వు నన్ను చూస్తున్నావు.

అందుకే వెనక్కి లాగాను. నాకు గుంట కనిపించలేదు. దాటాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వు ఉందన్నావు కాబట్టి ఉంది.

రాయి పేరు మార్చవద్దు. ఆ పేరు నేను సంపాదించుకున్నదే, పురపాలక సంఘం దయ కాదు. అక్కడికి వచ్చినప్పుడల్లా నీ ప్రయాణికులకు ఆ కథ చెప్పు. బూటు సంగతి కూడా చెప్పు. బెల్లం సంగతి మాత్రం వాళ్ళని నమ్మనివ్వు, గానుగవాడికి నాలుగు అచ్చులు ఎక్కువ అమ్ముడవుతాయి.

వచ్చే నెల మీ అమ్మ వస్తోంది. దాన్ని కూడా పడవ ఎక్కిద్దామా? సోఫా మీద నేను సాధన చేయిస్తాను. ఆజ్ఞలు నువ్వే ఇవ్వు.

ఇట్లు,
ముందు వరుస, ఎడమ తెడ్డు